కల్హేరులో కరెంటను మాట



నేటి ప్రసంగమునకు నేను తీసికొన్న విషయము ఒక చిన్న ఆంగ్లశబ్దము. దానిని ఆంగ్లమని తలంపకయే మన పల్లెలలో అక్షరము రాని ముదుసళ్లు మొదలుకొని అప్పుడే మాటలు నేర్చుచున్న పసివారి వరకును దినమునకు ఎన్నిమార్లో పలుకుచుందురు. అది 'కరెంటు'. ఈ మాట ఆంగ్లములో ఏయే అర్థములను తాల్చినది, ఏయే వ్యాకరణ స్థానములలో నిలుచును, మన తెలుగులోనికి వచ్చిన పిమ్మట ఎట్టి నడవడిని అలవరచుకొన్నది అను సంగతులను కల్హేరు ప్రాంతమును ఆధారముగా గొని విచారింపదలచితిని. భాషను గూర్చిన విచారము నగరములలోని గ్రంథాలయములకే చెందినదని భావించువారు కలరు. నా అనుభవము అందుకు విరుద్ధము. నాలుగు భాషలు కలిసిన ఎల్లపొలిమేరలో ఒక మాటకు లభించునంతటి పరీక్ష నిఘంటువులలో లభింపదు.

కల్హేరు సంగారెడ్డి జిల్లాలో నారాయణఖేడ్ డివిజనుకు చెందిన మండల కేంద్రము. నిజాము రాజ్యమున నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలో ఉండెను; 1956 నాటి రాష్ట్ర పునర్వ్యవస్థీకరణములో బీదరు మైసూరు రాష్ట్రమునకు పోగా ఈ తాలూకా మెదకు జిల్లాకు వచ్చినది; 2016లో సంగారెడ్డి ప్రత్యేక జిల్లా అయినప్పుడు దానిలో చేరినది. పడమట కన్నడదేశము, వాయవ్యమున మహారాష్ట్రము చేరువలోనే యున్నవి. ఇంటిలో తెలుగు, చుట్టరికములలో కన్నడము, బేరసారములలో మరాఠీ, పాత దఫ్తరులలోను అంగడిలోను దక్కనీ ఉర్దూ వినబడు ఈ నేలపై సాయంకాలము దీపములు ఒక్కసారిగా ఆరినప్పుడు ఏమి వినబడునో గమనింపుడు. తెలుగువాడు "కరెంటు వోయింది" అనును. కన్నడిగుడు "కరెంట్ హోయ్తు" అనును. మరాఠీ ఇల్లాలు "లైట్ గేలీ" అనును. దక్కనీ పలుకువారు "లైట్ గయీ" అనియు, "కరెంట్ గయా" అనియు అందురు. వారి నోట లైటు స్త్రీలింగము, కరెంటు పుంలింగము. మన నోట అది అమహత్తు, కనుక "పోయింది". ఒకే పరాయిమాట పొరుగుపొరుగు వాకిళ్లలో వేర్వేరు లింగములను ధరించి తిరుగుట భాషాశాస్త్రము చదువగోరు విద్యార్థి కన్నులార చూడదగిన సంగతి.

ఇక మూలమునకు పోవుదము. లాటిను భాషలో 'కుర్రెరె' అను ధాతువునకు పరుగెత్తుట యని అర్థము. అది ఫ్రెంచిలో దిగి, ఆ భాషలోని వర్తమాన కృదంతరూపము, అనగా 'పరుగెత్తుచున్న' అను అర్థమిచ్చు రూపము, ఆంగ్లములో ప్రవేశించి 'కరెంట్' అయినది. పదమూడవ శతాబ్ది ముగింపునాటికే అది ఆంగ్లములో విశేషణముగా నున్నది; నామవాచకముగా మారినది ఆ తరువాతి శతాబ్దిలో. ఈ క్రమము జ్ఞాపకముంచుకొనదగినది. మనము మొట్టమొదట నేర్చుకొన్న అర్థము, దీపమును వెలిగించు శక్తి, ఈ మాటకు మిక్కిలి కడపటిది. అసలు అర్థము పరుగు. అదే ధాతువునుండి పుట్టిన మాటలు మనకు తెలియకయే మన చుట్టును తిరుగుచున్నవి. కళాశాలలోని 'కోర్సు', ఆసుపత్రిలోని 'కారిడారు', ఉత్తరములను మోయు 'కొరియరు', తపాలా కార్యాలయములో నెలనెలా కట్టెడి 'రికరింగ్ డిపాజిటు', జేబులోని 'కరెన్సీ', ఇవన్నియు ఆ పరుగునకే సంతానము. ఎండుద్రాక్షకు ఆంగ్లములో ఇంచుమించు ఇదే ధ్వనిగల పేరొకటి కలదు గాని, అది గ్రీసులోని కొరింథు నగరము పేరునుండి వచ్చినది. దీనికి బంధువు కాదు.

విశేషణముగా ఈ శబ్దము రెండు తావులలో నిలుచును. తావు మారిన కొలది అర్థచ్ఛాయ మారును. నామవాచకమునకు ముందు నిలిచినప్పుడు ప్రాయికముగా 'ఇప్పటి' యని అర్థము. 'కరెంట్ ప్రైస్' అనిన నేటి ధర. 'కరెంట్ ఇయర్' అనిన జరుగుచున్న సంవత్సరము. పత్రికకు 'కరెంట్ ఇష్యూ' అనిన సరికొత్త సంచిక. క్రియకు పిమ్మట విధేయముగా నిలిచినప్పుడు 'వాడుకలో నున్నది' యను అర్థము ప్రధానమగును. ఒక ఆచారము 'ఈజ్ స్టిల్ కరెంట్' అనినచో అది ఇప్పటిదని కాదు, పాతదయ్యును ఇంకను జనులలో చెల్లుచున్నదని. ఈ భేదమును మన పాఠ్యపుస్తకములు విడమరచి చెప్పవు. అందుచేత విద్యార్థి రెండవ తావులో ఈ మాట కనబడినప్పుడు తడబడును. దీనినుండి క్రియావిశేషణము 'కరెంట్లీ' పుట్టును, నామము 'కరెన్సీ' పుట్టును. కరెన్సీ యనగా మొదట పరుగు, తరువాత చెల్లుబాటు, ఆ తరువాతనే ధనము. నాణెము విలువ దాని లోహములో కంటె అది చేతినుండి చేతికి సాగిపోవుటలో ఉన్నదన్న ఆర్థికశాస్త్ర సత్యమును ఆ మాటయే మోయుచున్నది. మన 'చెల్లు' అను ధాతువు చేసినదియు ఇదే. తమిళములో 'సెల్' అనిన పోవుట. ఆ పోవుటయే నాణెమునకు చెల్లుబాటైనది.

ఈ అర్థమునకు కల్హేరు ప్రాంతపు వృద్ధులకు వేరే ఉదాహరణము అక్కరలేదు. నిజాము ప్రభుత్వపు రూపాయికి 'హాలీ సిక్కా' యని పేరు. హాల్ అనిన వర్తమానస్థితి, హాలీ అనిన ఇప్పటిది, చెలామణిలో నున్నది. సిక్కా యనిన నాణెము. అనగా హాలీ సిక్కా యను పేరు ఆంగ్లములోని 'కరెంట్ కాయిన్' అనుదానికి అక్షరాల సమానము. బ్రిటిషు రూపాయిని ప్రజలు 'కల్దారు' అనిరి. అది యంత్రముతో అచ్చువడినది కనుక. హైదరాబాదు భారతదేశములో కలిసిన పిమ్మట, 1950లో భారత రూపాయి వచ్చినప్పుడు ఏడు హాలీ రూపాయలకు ఆరు భారత రూపాయలన్న లెక్క నడచినది. 1959లో హాలీ సిక్కాకు పూర్తిగా చెల్లు తీరినది. ఆ సిక్కాలు అచ్చువడిన టంకశాల హైదరాబాదులో సైఫాబాదునందు 1903లో నెలకొన్నది. 1997లో అది చర్లపల్లికి తరలిపోయినది గాని ఆ ఆవరణకు నేటికిని 'మింట్ కాంపౌండ్' అనియే పేరు. కల్హేరునకు విద్యుత్తును పంపిణీచేయు దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయము ఆ మింట్ కాంపౌండులోనే యున్నది. ఒకే ఆంగ్లశబ్దమునకు గల రెండు అర్థములు, నాణెమును వెలుగును, ఒకే ప్రాకారములో కలిసిన తావు అది. ఈ సంగతిని తలచినప్పుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగును.

నామవాచకముగా ఈ శబ్దమునకు మొదటి అర్థము నీటి ఒరవడి. నదిలో నీరంతయు 'కరెంటు' కాదు. ఒక దిక్కునకు బలముగా సాగు భాగమే కరెంటు. ఒడ్డున నిలిచిన నీటికి ఆ పేరు లేదు. సముద్రములోని వెచ్చని, చల్లని ప్రవాహములకు బహువచనములో 'కరెంట్స్' అందురు. ఈ అర్థములో అది లెక్కింపదగిన నామము: 'ఎ స్ట్రాంగ్ కరెంట్' అని ఏకవచనమున ఉపపదము చేరును. ఇచ్చట మన నేల వైపు ఒకసారి చూడుడు. మంజీర బాలాఘాట్ కొండలలో పుట్టి, మహారాష్ట్రమును, బీదరు సీమను దాటి, తూర్పునకును ఆగ్నేయమునకును సాగుచు వచ్చి, మెదకు సీమలో ఉత్తరమునకు మళ్లి, కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. ఆ నదిపై 1923లో ఆరంభించి 1931లో ముగించిన నిజాంసాగరము కల్హేరునకు పొరుగున నున్నది; దాని నిర్మాణములో ముఖ్య ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు పేరు ఈ ప్రాంతమువారు మరువనిది. సుల్తానాబాదు వద్ద నల్లవాగుపై కట్టిన ప్రాజెక్టు ఇంకను చేరువది. వానకాలమున నల్లవాగు మత్తడి దుంకునప్పుడు గట్టుపై నిలిచి చూచిన బాలునకు 'కరెంటు' అను ఆంగ్లశబ్దపు తొలి అర్థమును చెప్పుటకు నిఘంటువుతో పనిలేదు. నీటి నడుమ ఒక పట్టీ మిగిలిన నీటికంటె నల్లగా, నునుపుగా, వేగముగా సాగుచుండును. దానిలో పడిన పుల్ల క్షణములో కనుమరుగగును. ఒడ్డునగల నురుగు మాత్రము ఒకేచోట సుడితిరుగుచుండును. ఆ నడుమ పట్టీయే కరెంటు. ఈతగాండ్రు దానినే ఎరిగి తప్పుకొందురు.

నీటికి చెందిన ఈ మాట విద్యుత్తునకు ఎట్లు సంక్రమించెను? ఈ కథను కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన భాషకును శాస్త్రమునకును గల సంబంధము ఇందు స్పష్టముగా కనబడును. తృణమణిని రుద్దినచో గడ్డిపరకలను ఆకర్షించునని ప్రాచీన గ్రీకులు ఎరుగుదురు. ఆ మణికి వారి భాషలో 'ఎలెక్ట్రాన్' అని పేరు. 1600లో ఆంగ్ల వైద్యుడు విలియం గిల్బర్టు తన అయస్కాంత గ్రంథములో ఆ పేరునుండియే ఈ ఆకర్షణశక్తికి పేరు కల్పించెను. 1729లో స్టీఫెన్ గ్రే అను ఆంగ్లేయుడు ఈ శక్తి ఒక వస్తువులోనే నిలిచియుండక దారము వెంబడి దూరమునకు సాగిపోవునని ప్రయోగముతో చూపెను. సాగిపోవునది యేది? ద్రవము. అట్లే ఆనాటి పండితులు తలంచిరి. 1745–46 నడుమ లైడెను నగరమున దీనిని నీరు నింపిన గాజు జాడీలో పట్టి నిలువచేయ యత్నించి కృతకృత్యులైరి. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిను విద్యుత్తు కంటికి కనబడని ఒకే ద్రవమనియు, అది ఎక్కువైనచోటు ధనము, తక్కువైనచోటు ఋణమనియు సిద్ధాంతము చేసెను. 1800లో వోల్టా తన లోహపు బిళ్లల దొంతరతో ఎడతెగక సాగు విద్యుత్తును పుట్టించినప్పుడు, 1820లో ఆంపియరు దాని అయస్కాంత ప్రభావమును గణితముతో కొలువ మొదలిడినప్పుడు, ద్రవమునకు తగిన మాట సిద్ధముగానే యున్నది: ప్రవాహము, ఫ్రెంచిలో కూరాన్, ఆంగ్లములో కరెంట్.

ఆ పిమ్మట శాస్త్రము మారినది, మాట మారలేదు. 1897లో జె.జె. థామ్సను ఎలక్ట్రానును కనుగొనెను. లోహపు తీగలో సాగునది ఋణావేశముగల ఎలక్ట్రానులే యనియు, అవి ఫ్రాంక్లిను ఊహించిన దిక్కునకు ఎదురుగా సాగుననియు తేలినది. మన ఇండ్లకు వచ్చు విద్యుత్తులో అవి ఒక దిక్కునకు సాగవు. సెకనుకు యాబది ఆవృత్తులుగా ముందునకు వెనుకకు ఊగిసలాడును. నేరుగా సాగు విద్యుత్తులో సైతము మామూలు తీగలో అవి కదలు వేగము సెకనుకు ఒక మిల్లీమీటరునకు లోపుగానే యుండును. స్విచ్చి నొక్కగనే దీపము వెలుగుట తీగ పొడవునను వ్యాపించు విద్యుత్ క్షేత్రపు వేగముచేత. కనుక విద్యుత్తు విషయమున 'పరుగు' అను మాట నీటి తలంపునుండి మిగిలిన జ్ఞాపకము. ఈ అర్థములో ఆంగ్లవ్యాకరణము కూడ రెండు దారులు పట్టినది. శక్తిగా తలచినప్పుడు 'కరెంట్ ఫ్లోస్' అని ఉపపదము లేక వాడుదురు. కొలతగా తలచినప్పుడు 'ఎ కరెంట్ ఆఫ్ ఫైవ్ ఆంపియర్స్' అని లెక్కించుదురు.

మన భాషల దృష్టి వేరు. సంస్కృతములో విద్యుత్తు అనిన మెరుపు. మరాఠీలో వీజ్ అనినను మెరుపే. ఉర్దూలో బర్ఖ్ అనినను మెరుపే. ఉర్దూ శాస్త్రగ్రంథములలో కరెంటును 'బర్ఖీ రౌ' అందురు, మెరుపు ప్రవాహమని. ఐరోపావారు తృణమణి వద్దను, నీటి వద్దను తమ మాటలను వెదకుకొనగా, మనవారు ఆకాశము వంక చూచిరి. విద్యుత్తు గంభీరమైన మాట, అందమైన మాట. కార్యాలయపు పలకలపైనను, శాసనములలోను, ఆకాశవాణి వార్తలలోను అది తన స్థానమున చక్కగా నున్నది. నోట నిలిచినది మాత్రము కరెంటు.

తెలుగులోనికి వచ్చిన కరెంటు ఎంత పూర్తిగా తెలుగైనదో చూడుడు. హల్లుతో ముగిసిన పరాయిమాటకు మన భాష ఉకారము చేర్చి అజంతము చేసికొనును. రోడ్డు, బస్సు, రైలువలెనే కరెంటు. ఆంగ్లేయుడు మొదటి అక్షరముపై ఊనిక వేసి రెండవదానిని మింగును. మనము రెండవదానిని నిండుగా పలుకుదుము. ఆ పలుకుబడిలో లఘువు, గురువు, లఘువు కలిసి సరిగా జగణమైనది. పద్యములో పెట్టదలచినవారికి అడ్డులేదు. ఉత్వసంధి దీనికి నిరాటంకముగా వర్తించును: కరెంటు, ఆఫీసు కలిసి కరెంటాఫీసు, తీగలు బాగుచేయ వచ్చు లైన్‌మనును పల్లెలో కరెంటాయన అందురు. ఏరునకు ఏటి, నోరునకు నోటి అన్నట్టి ఔపవిభక్తిక వికారము దీనికి లేదు. కరెంటు బిల్లు, కరెంటు తీగ, కరెంటు పొయ్యి అని ప్రథమారూపమే సమాసములో నిలుచును. కరెంటు స్తంభమన్నచోట ఆంగ్లమును సంస్కృతమును కలిసినవి. పూర్వపు లాక్షణికులు దానిని వైరిసమాసమని దూషించి యుండెడివారేమో గాని, ఆ స్తంభము వీధివీధిని నిలిచియున్నది, ఆ సమాసమును నిలిచియున్నది. 1854లోనే పరాయిమాటలు కలిసిన తెలుగునకు ప్రత్యేకముగా మిశ్రభాషా నిఘంటువును కూర్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను నేడు ఉండినచో, దీనికి తప్పక ఒక పుట కేటాయించి యుండును.

బహువచనము సంగతి విచిత్రము. నోటు, నోట్లు, సీటు, సీట్లు అన్నట్లు 'కరెంట్లు' అనుట సూత్రరీత్యా సాధ్యమే. ఎవ్వరును అనరు. ఆంగ్లములో లెక్కకు వచ్చు ఈ మాట తెలుగులో లెక్కకు రాకుండ పోయినది. ఏలయన మనము తీసికొన్నది అందులోని ఒకే అర్థమును.

అన్నిటికంటె నన్ను ఆకర్షించినది ఈ మాటకు మన జనులు జతచేసిన క్రియలు. దీపమును వెలిగింతుము, ఆర్పుదుము. అది మన చేతిలోని పని. కరెంటు అట్లు కాదు. అది వచ్చును, పోవును. "కరెంటొచ్చింది", "కరెంటు వోయింది." తెలుగులో ఇట్లు తమంత తాము వచ్చి పోవునవి ఏవి? వాన వచ్చును, వరద వచ్చును, జ్వరము వచ్చును, నిద్ర వచ్చును. మనుష్యుడు చేసిన యంత్రశక్తిని తెలుగు రైతు ప్రకృతిశక్తుల వరుసలో కూర్చుండబెట్టినాడు. దశాబ్దముల తరబడి అది అతని యింటికి ఆ తీరుననే వచ్చి పోయినది కనుక ఆ వ్యాకరణము అతని అనుభవమునుండి పుట్టినదే గాని అజ్ఞానమునుండి కాదు. కార్యాలయమువారు బకాయికై సరఫరా ఆపినప్పుడు మాత్రము కర్త మారును: "కరెంటు తీసేసిండ్రు." తీగ తగిలిన వానిని "కరెంటు కొట్టింది", అక్కడ కరెంటే కర్త, మనుష్యుడు కర్మ. బిల్లు ఎక్కువ వచ్చినచో "కరెంటు బాగ కాలింది". నూనెదీపపు కాలపు క్రియ విద్యుత్తునకు అంటుకొని మిగిలినది. ఆంగ్లములో వీనిలో ఏ ఒక్కదానికిని 'కరెంట్' అను మాట సాధారణముగా రాదు. సరఫరా పోయినప్పుడు ఆంగ్లేయుడు 'పవర్' అనును, తగిలినప్పుడు 'షాక్' అనును, ఖర్చయినప్పుడు 'ఎలక్ట్రిసిటీ' అనును. అందుచేత మన విద్యార్థి ఇంటిలోని వాక్యమును యథాతథముగా ఆంగ్లములో పెట్టి 'కరెంట్ వెంట్' అని వ్రాసినప్పుడు పరీక్షకుడు ఎర్రగీత గీయును. ఆ విద్యార్థి తెలుగు వ్యాకరణమును సరిగా పాటించినాడనియు, అది ఆ తావునకు చెందినది కాదనియు అతనికి ఎవ్వరును చెప్పరు. గీత మాత్రము మిగులును.

ఒక్కచోట మాత్రము మన రైతు ఈ మాటను భౌతికశాస్త్రజ్ఞుడు వాడినంత ఖచ్చితముగా వాడును. బోరుబావి వద్ద, వేపచెట్టు నీడలో, గోనెపట్టా కప్పిన ఇనుప డబ్బాలో స్టార్టరు ఉండును. దానిపై పచ్చమీట, ఎర్రమీట. పైన ముల్లుగల చక్రములు రెండు, ఒకటి వోల్టేజికి, ఒకటి ఆంపియర్లకు. ప్రక్కను మూడు ఫేజులకు మూడు చిన్న బల్బులు. రైతు ముందుగా బల్బులు మూడును వెలుగుచున్నవా యని చూచును. ఒకటి ఆరియున్నచో మీట ముట్టడు. తరువాత పచ్చమీట నొక్కి, చెవి మోటరు చప్పుడుపైనను, కన్ను ఆంపియర్ల ముల్లుపైనను ఉంచును. ముల్లు హద్దు దాటినచో వెంటనే ఎర్రమీట నొక్కి, "వోల్టేజి లేదు, మోటరు కరెంటు ఎక్కువ గుంజుతుంది" అనును. వోల్టేజి తగ్గినప్పుడు భారము మోయు మోటరు అధిక విద్యుత్ప్రవాహమును తీసికొని వేడెక్కి చుట్టలు కాలిపోవునన్నది ఇంజనీరింగు కళాశాలలో చెప్పు పాఠము. ఆ పాఠమును ఈ రైతు కాలిపోయిన మోటరులకు డబ్బు కట్టి నేర్చుకొన్నాడు. అతని 'కరెంటు ఎక్కువ గుంజుట'లోని కరెంటు ఆంపియరు చెప్పిన కరెంటే. వోల్టేజికిని దానికిని గల భేదము అతనికి స్పష్టము. నీరు పైకి వచ్చి కాలువలో పడిన పిమ్మట "మడి పారుతుంది" అనును. పారుట యనిన మన భాషలో నీరు సాగుట; పారిపోవుటలో పరుగెత్తుటయు అదియే. లాటిను ధాతువు ఏ రెండు అర్థములను కలిపినదో మన 'పారు' ధాతువును ఆ రెంటినే కలిపినది.

మరియొక అర్థము ఈ ప్రాంతములలోనే పుట్టినది. వ్యవసాయమునకు విద్యుత్తును విడతలుగా ఇచ్చిన కాలములో "ఈ వారం మాది రాత్రి కరెంటు" అను వాక్యము వాడుకలోనికి వచ్చినది. ఇచట కరెంటు శక్తి కాదు. వంతు, గంటలు, కాలము. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల సరఫరా ప్రారంభించిరి. అంతకుముందు చేతిదీపముతో చీకటిలో గట్లపై నడచి మోటరు వేయబోయి పాముకాటుకును, తడిసిన తీగలకును బలియైనవారి జ్ఞాపకము ప్రతి పల్లెలోను ఉన్నది. రాత్రి కరెంటు అను సమాసములో ఆ భయమంతయు ఇమిడియున్నది. నిఘంటుకారులు ఈ అర్థమును తప్పక నమోదు చేయవలెనని నా కోరిక. మరి ఇరువది యేండ్లకు దీనిని చెప్పగలవారు ఉండరు.

ఇంక విద్యార్థుల సంగతి. నేడు నారాయణఖేడ్ నుండి హైదరాబాదు వరకు ఉద్యోగ పరీక్షలకు చదువు యువకులందరి నోటను 'కరెంట్ అఫైర్స్' అను మాట వినబడుచున్నది. ఇచట మన యువకులు ఉకారము చేర్చక, హలంతముగానే పలుకుటయు వ్రాయుటయు గమనింపదగినది. ఉకారాంతమైన కరెంటు తెలుగుమాట. హలంతమైన కరెంట్ ఇంకను ఆంగ్లమాట. ఈ సన్నని గీతను ఏ పండితుడును గీయలేదు, వాడుకయే గీసినది. కాని గీతకు ఇరువైపులనున్నది ఒకే వంశమని బాలురకు తెలియదు. దీపమును వెలిగించు కరెంటునకును, వర్తమాన విషయములకును, బ్యాంకులోని కరెంట్ అకౌంటునకును పొత్తు ఏమియో తెలియక, మూడు వేర్వేరు మాటలుగా కంఠస్థము చేయుదురు. కంఠస్థము చేసినది పరీక్ష ముగిసిన మరునాడు మరపునకు వచ్చును.

దీనికి కల్హేరు బాలుని నోటనే మందు కలదు. మరాఠీనుండియు దక్కనీనుండియు మన ప్రాంతమునకు వచ్చిన 'చాలూ' అను మాట. తగినంత యను అర్థముగల మన 'చాలు' వేరు. ఇది చల్ అను ధాతువునుండి, కదలుట, నడచుట యను అర్థముతో వచ్చినది. "మోటరు చాలు జేయి" అని తండ్రి కేకవేసినప్పుడు బాలుడు పరుగెత్తి పచ్చమీట నొక్కును. మరాఠీలో జరుగుచున్న సంవత్సరమును 'చాలూ వర్ష్' అందురు. హిందీలో కరెంట్ అకౌంటును 'చాలూ ఖాతా' అందురు. నడచుచున్నది, జరుగుచున్నది, చెల్లుచున్నది: ఆంగ్ల విశేషణమునకు గల అర్థచ్ఛాయలన్నియు ఈ ఒక్క మాటలో ఉన్నవి. కోస్తాజిల్లాల బాలునకు లేని ఈ సౌలభ్యము సరిహద్దు బాలునకు పుట్టుకతో దక్కినది. దీనిని మోటుమాటయని, మిశ్రభాషయని పాఠశాల గుమ్మము వద్దనే విడిచిరమ్మనుట వానికి చేయు అన్యాయము.

కావున కల్హేరు, సిర్గాపూరు, కంగ్టి, నారాయణఖేడ్ పాఠశాలలలో ఆంగ్లము బోధించు ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపము రెండు మాటలలో చెప్పి విరమింతును. 'కరెంట్' అను శబ్దమును విశేషణముగా చెప్పవలసివచ్చినప్పుడు 'చాలూ'తో మొదలుపెట్టుడు. నామవాచకముగా చెప్పవలసివచ్చినప్పుడు నల్లవాగు ఒరవడిని చూపుడు. విద్యుత్తును ఆ రెంటి తరువాత, స్టార్టరుపైని ఆంపియర్ల ముల్లుతో చెప్పుడు. 'కరెంటు పోయింది' అని తెలుగులో పలికిన బాలుని విద్యుత్తు అనుమని దిద్దకుడు. వాడు పలికినది శుద్ధమైన తెలుగు వాక్యము. వాడు దానినే ఆంగ్లములో వ్రాసినప్పుడు ఎర్రగీత గీసి విడువక, ప్రక్కనే 'పవర్' అని వ్రాసి, కారణము నోటితో చెప్పుడు.